సున్నపు తేట

మా అల్లుడి సముద్రంలో ఉసిరికాయంత సున్నం వేసింది నేనే. ఈ సంగతి ఇప్పుడు ఆలూరులో మా వీధంతటికీ తెలుసు, ఎందుకంటే నేనే చెప్పుకొని తిరిగాను. పోయిన ఎండాకాలంలో మాత్రం మూడు రోజులు దాన్ని కడుపులో దాచుకొని, ముద్ద దిగక, నిద్ర పట్టక అల్లాడిపోయాను.

సముద్రమంటే నిజం సముద్రం కాదు. కర్నూలు బి.క్యాంపులో మా కూతురు మధులత వాళ్ళ అద్దె ఇంట్లో, హాల్లో టీవీ ఉండాల్సిన చోట ఉన్న గాజు తొట్టి. రెండు వందల లీటర్ల ఉప్పునీళ్ళు, పైన నీలం లైటు, లోపల రెండు చేపలు, రాళ్ళకు అతుక్కొని బతికే పగడాలు. పగడమంటే ఉంగరంలో పొదిగే ఎర్రరాయి అనుకునేదాన్ని. దానికి ప్రాణం ఉంటుందనీ, నోరు ఉంటుందనీ, వేళ్ళు చాపుకొని నీళ్ళలో ఊగుతుందనీ అరవై రెండేళ్ళ వయసులో అక్కడే చూశాను.

కంటి ఆపరేషన్ కోసం ఉగాది దాటిన వారానికి కర్నూలు చేరాను. పది రోజుల్లో తిరిగి పోదామనుకున్నదాన్ని జూన్ దాకా ఉండిపోయాను.

మా ఇళ్ళలో అల్లుడి ముందర అత్త కూర్చోదు. నేరుగా మాట్లాడదు. ఏదైనా అడగాలంటే తలుపు చాటున నిలబడి, "అన్నం పెట్టమంటారేమో అడుగు" అని కూతురితో అనాలి. అల్లుడికి ఆ మాట వినిపిస్తూనే ఉంటుంది. అయినా కూతురు పోయి మళ్ళీ అడగాలి. అతను ఆమెకు చెప్పాలి, ఆమె నాకు చెప్పాలి. సొంత మేనల్లుడైతే చిన్నప్పుడు ముక్కు తుడిచిన చనువైనా కొంత ఉంటుంది. హర్షవర్ధన్‌ది మైదుకూరు, బయటి సంబంధం. పెళ్ళయి రెండేళ్ళయినా అతని ముఖం నేను తీరిగ్గా చూసింది పెళ్ళి ఆల్బంలోనే.

పైగా అతను నోట్లో మాట బయటికి రాని మనిషి. ఓర్వకల్లు దగ్గర సోలార్ ప్లాంటులో ఇంజినీరు. తెల్లారకముందే బండేసుకొని పోయి మధ్యాహ్నం రెండింటికి వస్తాడు. మధులత కలెక్టరేటు నుంచి వచ్చేసరికి ఆరవుతుంది. ఆ నాలుగు గంటలూ ఇంట్లో అత్తా అల్లుడూ తప్ప మూడో మనిషి లేరు. వంటింట్లో దాక్కుందామంటే డాక్టరమ్మ పొయ్యి దగ్గరికి పోవద్దంది. పడకగదిలో ఫ్యాను తిరిగితే గోడలకున్న వేడంతా మన మీదికే వస్తుంది. కూలరున్నది హాల్లోనే. కాబట్టి నల్లద్దాలు పెట్టుకొని, కుర్చీని గోడవైపు సగం తిప్పుకొని, హాల్లోనే కూర్చునేదాన్ని. అతను ట్యాంకు వైపు తిరిగి దాని అద్దం తుడుస్తూ ఉండేవాడు.

ఆపరేషనై వచ్చిన మూడో రోజు నాకు ఓపిక నశించింది. టీ వేళ దాటిపోతోంది. మధులత పొద్దున్నే కాచి ఫ్లాస్కులో పోసిపెట్టిన టీ అట్లాగే ఉంది. ఎండలో పడి వచ్చిన మనిషి, అడిగేవాళ్ళు లేరు. ట్యాంకులో నారింజ రంగు మీద తెల్ల పట్టీలున్న చేపలు రెండున్నాయి. పెద్దది చిన్నదాన్ని పొద్దస్తమానం తరుముతుంది, తిండి దగ్గర తోసేస్తుంది. అచ్చం మా ఆడబిడ్డ భీమమ్మే. నేను ఆ చేప వైపు చూసి అన్నాను:

"ఏమే భీమమ్మా, ఫ్లాస్కులో టీ ఉండాది. తాగేవాళ్ళు తాగొచ్చు గదా."

అద్దం తుడిచే చెయ్యి ఆగింది. అతను కూడా చేపతోనే అన్నాడు, "తాగుతా భీమమ్మా. అత్తమ్మ తాగిందో లేదో కనుక్కో."

"తాగినానని చెప్పు."

అంతే, దారి పడింది. ఆ రోజు నుంచి భీమమ్మకు ఊపిరి తీసుకునే తీరిక లేదు. "భీమమ్మా, మూడయింది, కంట్లో మందు ఏసుకోవాల్సినోళ్ళు ఏసుకోవాల" అని అతను. "భీమమ్మా, ఎండన పడి వచ్చినోళ్ళు చన్నీళ్ళు గటగటా తాగగూడదు" అని నేను. ఒకరోజు మధులత అరగంట ముందొచ్చి గడపలో నిలబడి ఇదంతా విని, నోటికి చేతి రుమాలు అడ్డం పెట్టుకొని లోపలికి పరుగెత్తింది.

ఏప్రిల్ నడిమికి ట్యాంకులో కళ తగ్గింది. ఊదారంగు కొమ్మల పగడం ఒకటుంది, అతనికి అన్నిటికన్నా అదే ముద్దు. దాని రంగు మట్టిబారింది. వారానికి రెండుసార్లు అతను చిన్న గాజు గొట్టంలో ట్యాంకు నీళ్ళు పట్టి, మందు బొట్లు వేసి లెక్కపెడతాడు. ఒక పరీక్షలో నీలం పసుపుకు తిరగాలి. అది ఆల్కలినిటీ, అంటే నీళ్ళలో ఉన్న సోడా బలం. ఇంకోదాంట్లో గులాబీ రంగు నీలానికి తిరగాలి. అది కాల్షియం. ఎన్నో బొట్టుకు రంగు తిరిగిందో దాన్నిబట్టి లెక్క. పగడం ఈ రెంటినీ కలిపి తిని ఎముక కట్టుకుంటుందట. ఒకటి ఎక్కువై ఇంకోటి తక్కువైతే దానికి ఒంటబట్టదు. అందుకని అతను పొద్దున ఒక బాటిల్ నుంచి, సాయంత్రం ఇంకో బాటిల్ నుంచి కొలిచి పోస్తాడు.

ఆదోనిలో ఇట్లాంటి ట్యాంకే ఉన్న ఈరేష్ అనే స్నేహితుడితో ఫోన్లో మాట్లాడుతుంటే విన్నాను.

"కాల్షియం ఎక్కిస్తే ఆల్కలినిటీ దిగిపాయ. దాన్నెక్కిస్తే ఇది దిగిపాయ. నెల నుంచి ఇదే ఆటబ్బా. కాల్షియం మూడు వందల అరవై ఉండాది ఇప్పుడు, నాలుగు వందల ఇరవై ఉండాల. ఈ ఎండాకాలం నిలబెట్టలేకపోతే తీసేస్తా. వాటిని చంపుకుంటా చూడలేను నేను."

ఆ సాయంత్రం మధులతను అడిగాను, కాల్షియం అంటే ఏందే అని.

"సున్నమే మా. నీ ఆకువక్క బరిణెలో ఉండేదే," అంది బియ్యం ఏరుతూ. చాట పక్కన పెట్టి మళ్ళీ అంది. "నన్ను చూసేదానికి వచ్చినప్పుడు అందరూ ఉద్యోగం గురించి, పొలాల గురించి మాట్లాడితే ఈయన పగడాల గురించి మాట్లాడినాడు. అరగంట. మనిషి ముఖమే మారిపాయ. అది చూసే నేను ఊ అన్నా. అది తీసేస్తే ఈయన మళ్ళీ మూగోడైపోతాడు."

నా కూతురు అంత మాట నాతో ఎప్పుడూ అనలేదు. సున్నం లేక ఒక సంసారంలో కళ తగ్గుతోందని తెలిశాక, నెలకు సరిపడా సున్నం సీసా మంచం కింద పెట్టుకొని ఊరకే ఎట్లా కూర్చోవాలి?

మర్నాడు పదకొండు గంటలకు, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, ఉసిరికాయంత ముద్ద తీసి ట్యాంకులో వేశాను. భీమమ్మ తింటుందేమోనని భయపడి దాన్ని వేళ్ళతో చిదిపి మరీ వేశాను. బాగా కలవనీ అని.

కలిసింది. చూస్తుండగానే నీళ్ళు మజ్జిగైపోయాయి. రాళ్ళు కనిపించవు, చేపలు కనిపించవు. సున్నం కదా, కాసేపటికి అడుక్కు దిగుతుందిలే అనుకొని కుర్చీలో కూర్చొని దేవుళ్ళందరినీ తలచుకున్నాను. దిగలేదు. రెండింటికి బండి చప్పుడు వినగానే నల్లద్దాలు పెట్టుకొని వంటింట్లోకి పోయి, డాక్టరమ్మ మాట కూడా లెక్కచేయకుండా పొయ్యి పక్కనే నిలబడ్డాను.

అతను హెల్మెట్ కూడా తీయకుండా ట్యాంకు ముందు నిలబడిపోయాడు. తర్వాత ఈరేష్‌కు ఫోన్ చేశాడు. "నేనే చేసుకున్యా. పొద్దున తొందరలో రెండు బాటిళ్ళూ ఒకదాని ఎనక ఒకటి పోసినట్టుండా. రెండూ కల్సి విరిగిపోయినట్టుండాయి. ఇంకెవరబ్బా, నేనే."

నేను తలుపు చాటునే ఉన్నాను. అప్పుడే చెప్పాల్సింది. కానీ కూతురి ఇంటికొచ్చి, అల్లుడి సొమ్ము పాడుచేసిన అత్తను నేనొక్కదాన్నే అయివుంటానని సిగ్గేసింది. అతను అన్నం తినకుండా సాయంత్రం దాకా బకెట్లతో నీళ్ళు మార్చాడు. మర్నాటికి నీళ్ళు తేరుకున్నాయి కానీ పగడాలు మూతి తెరవలేదు. ఆకుపచ్చది ఒకటి చచ్చిపోయింది. భీమమ్మ రాతి వెనక నుంచి బయటికి రాలేదు. హాల్లో మళ్ళీ మాటల్లేవు.

మూడో రోజు అతను రెండు నీలం డ్రమ్ములు తెచ్చి హాల్లో పెట్టాడు. ఆదివారం ఈరేష్ వచ్చి చేపలను తీసుకుపోతాడని మధులతతో చెప్పాడు. ఆమె సరే అని వంటింట్లోకి పోయి, కడిగిన గిన్నెలనే మళ్ళీ కడిగింది.

శుక్రవారం మధ్యాహ్నం అతను మగ్గుతో ట్యాంకులో నీళ్ళు తీసి డ్రమ్ములో పోయడం మొదలుపెట్టాడు. నేను కుర్చీలో నుంచి లేచాను. అలవాటుగా భీమమ్మ కోసం చూశాను. చేపతో చెప్పించే మాట కాదని నాకే తెలుసు. నల్లద్దాలు తీసి చేత్తో పట్టుకున్నాను.

"ఆ సున్నం నేనేసినా నాయనా," అన్నాను.

అతను మగ్గు పట్టుకొని అట్లాగే తిరిగాడు. "ఏ సున్నం అత్తమ్మా?"

"ఆకులో ఏసుకునేది. నువ్వు ఫోన్లో చెప్తాంటే ఇన్నా, తక్కువైందని. ఉసిరికాయంత ఏసినా. బాటిళ్ళది కాదు తప్పు. నీది కాదు. నాది."

ఏమన్నా పడదామని తల వంచుకొని నిలబడ్డాను. అతను మగ్గు కింద పెట్టాడు.

"అందుకేనా మూడు దినాల నుంచి మీరు ఆకు ఏసుకోలేదు? కంట్లో ఏమన్నా నొప్పి చేసిందేమో, నాతో చెప్పలేక ఉండారేమో అనుకున్యా. మధూను కూడా అడిగినా."

నాకు ఏడుపొచ్చింది. తన ప్రాణం లాంటి ట్యాంకు చచ్చిపోతుంటే కూడా ఈ పిల్లవాడు నేను ఆకు వేసుకోలేదని చూస్తున్నాడు. కొత్త కంటితో ఏడవకూడదని డాక్టరమ్మ చెప్పలేదు కాబట్టి ఏడ్చాను.

"ఏడవద్దండి అత్తమ్మా, కన్ను," అని కంగారుపడ్డాడు. వెంటనే మళ్ళీ, "ఆ సున్నంలో వాసనకేమన్నా కలుపుతారా?" అని అడిగాడు.

"ఏం కలుపరు. రాయి కాల్చి, నీళ్ళు పోసి మగ్గబెడతారు. ఉత్త సున్నమే."

అతను గాజు గొట్టం తీసి నీళ్ళు పరీక్ష చేశాడు. సోడా, కాల్షియం రెండూ దిగలేదు సరికదా, కొంచెం ఎక్కివున్నాయట. నేలమీదే కూలబడి, తల గోడకానించి నవ్వడం మొదలుపెట్టాడు. అతను అంత నవ్వగలడని నాకు తెలియదు. స్టాండు కింద అర తెరిచి ఒక డబ్బా బయటికి తీశాడు. దానిమీద ఇంగ్లీషులో ఏదో రాసుంది. "ఇది చూడండి. ఇది కూడా సున్నమే. పెద్ద పెద్ద ట్యాంకులు పెట్టుకునేవాళ్ళు దీని నీళ్ళే పోస్తారంట. దీంట్లో కాల్షియమూ ఆల్కలినిటీ రెండూ సమంగా పోతాయి, ఒకటి ఎక్కువా ఒకటి తక్కువా కాదు. నేనూ తెప్పించినా పోయినేడాది. నాకు కలపడం రాలేదు. ఎప్పుడు కలిపినా తెల్లగా అయితాది. భయపడి మూసిపెట్టేసినా."

నేను డబ్బాలో వేలు పెట్టి, పొడిని రెండు వేళ్ళ మధ్య నలిపాను. సున్నమే.

"కలిపినాక ఎంతసేపు పెడ్తివి?"

"ఎంతసేపేముంది, కలిపి పోస్తిని."

"తేట తీయలేదా?"

అతను నా వైపు బిత్తరపోయి చూశాడు. ఇంజినీరింగ్ చదివినవాడు! నలభై ఏళ్ళు ప్రతి పండగకూ ఇల్లంతా సున్నం కొట్టించినదాన్ని నేను. "ఆ డ్రమ్ములో నీళ్ళు మళ్ళీ ట్యాంకులో పొయ్యప్పా," అన్నాను. "పోసి, మూతున్న క్యాను ఒకటి తీసుకరా."

అల్లుణ్ణి 'అప్పా' అన్నానని ఆ తర్వాత చాలాసేపటికి గానీ నాకు తట్టలేదు.

నా ఆకు సున్నం వద్దన్నాడు, అందులో మట్టి ఉండొచ్చట. కొంచెం కోపమొచ్చింది కానీ డబ్బాలోదానికే ఒప్పుకున్నాను. ఫిల్టరు నీళ్ళలో పొడి వేసి, ఒక్కసారి కలియతిప్పి, మూత బిగించి రాత్రంతా కదలకుండా పెట్టాలి. పొద్దునకు గసి అడుక్కు దిగుతుంది. పైన మీగడలాంటి పొర కడుతుంది. పొరనూ కదపకూడదు, గసినీ కదపకూడదు. నడిమి తేటను మాత్రం సన్నటి గొట్టంతో దించుకోవాలి. మొదటి రోజు అతని గొట్టం తగిలి గసి కదిలింది. నేను చేతి మీద ఒక్కటేశాను. అతను మళ్ళీ మూత పెట్టి, ఇంకో పూట ఆగాడు.

తేటను ఒక్కసారిగా పోయకూడదట. పోస్తే మళ్ళీ మజ్జిగే. మందుల షాపు నుంచి సెలైన్ గొట్టం తెచ్చి, క్యాను కిటికీకి వేలాడదీసి, బొట్టు బొట్టుగా ట్యాంకులోకి వదిలాడు. ఇంట్లోకి వచ్చినవాళ్ళు ఎవరైనా సరే, చేపలకు ఏం జబ్బని అడిగేవాళ్ళు.

మే నెల వచ్చింది. కర్నూలు ఎండ గురించి నేను చెప్పనక్కరలేదు. నీళ్ళు కాగిపోకుండా ట్యాంకు మీద ఒక ఫ్యాను పెట్టాడు. రోజుకు నాలుగు లీటర్ల నీరు ఆవిరైపోతుంది. ఉప్పు మిగిలి నీరు పోతుంది కాబట్టి, పోయినంత మంచినీళ్ళు మళ్ళీ పోయాలి. ఆ పోసేది ఉత్త నీళ్ళు కాకుండా తేట అయితే, దాహమూ తీరుతుంది, తిండీ అందుతుంది. ఎండ ఎంత కాస్తే అంత తేట పోయొచ్చు. ఇన్నేళ్ళ బతుకులో ఎండ బాగా కాస్తోందని సంబరపడ్డది ఆ నెలలోనే.

పగడాలు వారానికి మూతి తెరిచాయి. భీమమ్మ బయటికి వచ్చి మొగుణ్ణి తరమడం మొదలుపెట్టింది. పాపం, ఇప్పుడు దాన్ని పలకరించే తీరిక మాకు లేదు. మధ్యాహ్నం అతను వచ్చి చెప్పులు విడుస్తూనే, "అత్తమ్మా, ఎంత దిగింది?" అని అడిగేవాడు. నేను క్యాను చూసి చెప్పేదాన్ని. ఆపరేషన్ అయిన కంటికి రంగులు కడిగినట్టు కనిపిస్తున్నాయి కాబట్టి గాజు గొట్టంలో రంగు తిరిగిందీ లేనిదీ తేల్చే పని నాకిచ్చాడు. బొట్లు అతను వేస్తాడు, నేను లెక్కపెడతాను. సోడా ఎనిమిది, తర్వాత ఎనిమిది, తర్వాత ఎనిమిదిన్నర. కాల్షియం మూడు వందల ఎనభై, నాలుగు వందలు, నాలుగు వందల ఇరవై. ఒకటి ఎక్కితే ఇంకోటి దిగడమనే ఆట ఆగిపోయింది. ఒకరోజు ప్లాంటు నుంచి నేరుగా నా సెల్లుకే ఫోన్ చేశాడు, డ్రిప్పు పడుతోందా లేదా అని. పక్కింటి శివకుమారి అక్కడే ఉంది. "ఎవరు పిన్నీ?" అని అడిగితే, "మా అల్లుడు, నాతో పనుండి చేసినాడు," అని అవసరమైన దానికన్నా గట్టిగా చెప్పాను.

మే చివర ఊదారంగు పగడం కొమ్మల చివర్లు తెల్లబడ్డాయి. మళ్ళీ ఏమయిందోనని నేను హడలిపోయాను. అతను టార్చి వేసి చూసి, "పెరుగుతాంది అత్తమ్మా! అది కొత్త ఎముక!" అని అరిచి, చిన్నపిల్లవాడిలా నా రెండు చేతులూ పట్టుకొని ఊపేశాడు. మా పెద్దవాళ్ళు ఎవరైనా చూసివుంటే కళ్ళు మూసుకునేవాళ్ళు.

జూన్ రెండో వారంలో మొదటి వాన పడింది. మధ్యాహ్నానికే మబ్బు కమ్మి, గాలి దుమ్ము లేపి, ఊరంతా ఒక్క దెబ్బకు చల్లబడింది. అంతా సంతోషపడుతున్నారు. అతను మాత్రం తడుచుకుంటూ వచ్చి ట్యాంకు ముందు నిలబడి దిగులు పెట్టుకున్నాడు.

"నీరు దిగలా. నీరు దిగకపోతే తేట ఎట్ల పోసేది? పొర్లిపోతాది. మళ్ళీ ఆ బాటిళ్ళే గతి."

"బాటిళ్ళెందుకు? ఇన్నాళ్ళూ సగం పొడేసి పల్చగా తీస్తిమి. ఇప్పుడు నీళ్ళు సగం చెయ్యి, తేట చిక్కగా తీస్తా. నీళ్ళు తక్కువ పోతాయి, సున్నం అంతే పోతాది."

"అంత చిక్కగా పోస్తే మజ్జిగైతాది అత్తమ్మా!"

"బొట్లు నిదానంగా ఇడువు!"

"మీకు తెల్దు, ఊరికే ఉండండి!"

"మజ్జిగ చేసిందాన్ని నేను! నాకు తెల్దా?"

నా గొంతు పెరిగింది, అతని గొంతు అంతకన్నా పెరిగింది. క్యాను మూత అతను ఒకవైపు లాగుతున్నాడు, నేను ఒకవైపు లాగుతున్నాను. ఈ గొడవలో స్కూటీ చప్పుడు కూడా వినపడలేదు. మధులత నీళ్ళు కారుతూ, హెల్మెట్ తలమీదే ఉంచుకొని, గుండె బాదుకుంటూ లోపలికొచ్చింది.

"ఏమాయ? యాడ దాకా వినపడతాంది తెలుసా? ఎందుకు అర్చుకుంటాండారు ఇద్దరూ?"

"నువ్వు గమ్మునుండు!" అన్నాం మేమిద్దరం, ఒక్కసారే.

అది మమ్మల్ని మార్చి మార్చి చూసింది. గడపలోనే కూర్చుండిపోయి, హెల్మెట్ ఒళ్ళో పెట్టుకొని నవ్వసాగింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "రెండేళ్ళబ్బా," అంది. "రెండేళ్ళు మీ ఇద్దరి మాటలు మోసి మోసి నా కాళ్ళు పడిపాయ."

మాకు దాని మాట వినే తీరిక లేదు. నేను గాజు గొట్టం కడిగి నీళ్ళు పట్టాను. అతను మందు సీసా తీసి, "చూద్దాం పట్టండి, ఎవరిది నిజమో," అన్నాడు. వాన వెలుతురు సరిపోక ఇద్దరం కిటికీ దగ్గరికి జరిగాం. అతను మొదటి బొట్టు వేశాడు. నేను ఒకటి అన్నాను.